నేల కదిలిందన్న మనిషి

ఉగాది వెళ్లిన రెండో సోమవారం ఉదయం, పత్తికొండ వైపున్న ఒక పోలీసు స్టేషన్ నుంచి నా పేరిట రిక్విజిషన్ వచ్చింది. అప్పుడు నేను కర్నూలు జిల్లా పడమటి మండలాలకు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుని. కడప జిల్లాలో చాలాకాలం చేసి, బదిలీ మీద వచ్చి ఏడాదిన్నర అయింది. పదవీ విరమణకు ఇంకా మూడేళ్లుంది. కాగితాల మీద మా హోదా ఎంత పొడుగ్గా ఉన్నా జనం నోట్లో మేమంతా ‘బ్రేకు ఇన్‌స్పెక్టర్లమే’. మొదట్లో ఆ పిలుపు నాకు నచ్చేది కాదు. ఇంట్లో మా ఆవిడ కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాక చేసేదేం లేక అలవాటు పడ్డాను.

రిక్విజిషన్ అంటే, ప్రమాదం జరిగిన బండిని చూసి, లోపం బండిలో ఉందో లేదో తేల్చి చెప్పమని పోలీసులు మాకు రాసే కాగితం. బండి ఎక్కడుంటే అక్కడికే వెళ్లి చూస్తాం. బ్రేకులు, స్టీరింగు, టైర్లు, దీపాలు, హారను అంటూ ఫారంలో వరసగా గడులుంటాయి. అన్నీ నింపాక చివర ఒక వాక్యం రాయాలి. చాలాసార్లు రాసేది ఒకటే వాక్యం: ‘ఈ ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరిగినది కాదు.’ రాసి రాసి, పెన్ను పట్టుకుంటే చెయ్యి దానంతటదే రాసేసేంత అలవాటు నాకు. బండిది తప్పు కాదంటే మనిషిది తప్పని అర్థం. ఆ మనిషి ఎవరన్నది పోలీసులు చూసుకుంటారు.

ఆ రోజు వచ్చిన కాగితం కాస్త వింతగా ఉంది. ప్రమాదం రోడ్డు మీద జరగలేదు. ఒక పాత పికప్ బండి యజమాని తన ఇంటి వాకిట్లో బాల్ జాయింట్లు మార్చుకుంటుంటే బండి అతని కాలి మీద పడింది. బండి నంబరు చూడగానే గుర్తుపట్టాను. నెల కిందట దానికి ఫిట్‌నెస్ ఆపింది నేనే.

సరుకు తోలే పాత బండ్లకు ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి. అందరూ ఎఫ్‌సీ అనే అంటారు. ఈ బండి యజమాని ఈరన్న. నలభై ఏళ్లుంటాయి. కొంచెం మెట్ట పొలం, ఈ పికప్పు, ఇవే అతని బతుకుదెరువు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి టమాటా పెట్టెలు పత్తికొండ మార్కెట్టుకు తోలుతాడు. ఎఫ్‌సీకి వచ్చేముందు బండికి కొత్త రంగు వేయించి, బంపరుకు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టి, అద్దం మీద అహోబిలం నరసింహస్వామి బొమ్మ అంటించి తెచ్చాడు. పాత బండికి కొత్త రంగు కనబడితే నాకు వెంటనే దాని కిందికి దూరాలనిపిస్తుంది. దూరాను.

బాల్ జాయింటు అంటే ముందు చక్రానికి భుజం కీలు లాంటిది. ఒక గిన్నెలో ఒక గుండు. చక్రం గుంతల్లో పైకీ కిందికీ ఊగాలి, మలుపుల్లో పక్కలకు తిరగాలి. రెండూ ఒకేసారి చేయనిచ్చేది ఈ కీలు. చుట్టూ రబ్బరు తొడుగు, లోపల గ్రీజు ఉంటాయి. తొడుగు చిరిగితే దారుల్లోని దుమ్ము దూరి గ్రీజుతో కలిసి గుండును అరగదీస్తుంది. బాగా అరిగాక ఒకరోజు గుండు గిన్నెలోంచి ఊడొచ్చి, నడుస్తున్న బండి కింద చక్రం మడుచుకుపోతుంది. వెనకాల టమాటా పెట్టెల మీద కూలీలు కూర్చుని ఉంటారు కాబట్టి ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

దాన్ని పరీక్షించడంలో ఒక మెలకువ ఉంది. జాకీని ఛాసిస్ కింద, అంటే బండి అడుగు చట్రం కింద, పెట్టి చక్రం ఊపితే అరుగుదల బయటపడదు. స్ప్రింగు బిగువు కీలును పట్టి ఉంచుతుంది. జాకీని, చట్రాన్నీ చక్రాన్నీ కలిపే కింది ఆర్మ్ కింద, చక్రానికి దగ్గరగా పెట్టి లేపాలి. అప్పుడు టైరు కింద గడ్డపార పెట్టి ఎత్తితే కీలు దాచుకున్నదంతా చెప్పేస్తుంది. ఈరన్న బండి రెండు పక్కలా టక్కుటక్కుమంది.

పోయినేడు చూసిన సారు ఏమీ అనలేదని ఈరన్న గొణిగాడు. ఆ సారు మంచివాడు, నేను కాదు అని చెప్పి మెమో రాసిచ్చాను. అతను కోపగించుకోలేదు. పెళ్లికి ముందు ఆరేళ్లు గ్యారేజీలో పనిచేశానని, సామాన్లు తెచ్చి ఇంటి దగ్గరే తానే మార్చుకుంటానని అన్నాడు. చేతులు చూస్తే పనిమంతుడే అనిపించింది. నాకు ఉత్సాహం వచ్చింది. జాకీ ఎక్కడ పెట్టాలో, నట్టు ఎంతవరకు వదులు చేయాలో పావుగంట పాఠం చెప్పాను. జాకీ పైకొన ఎక్కడ ఆనాలో చెప్పాను గానీ దాని అడుగు ఎక్కడ ఆనాలో చెప్పలేదు.

స్టేషన్‌కు వెళ్లేసరికి ఎస్సై ఎదురుచూస్తున్నాడు. కుర్రవాడే, పద్ధతిగల మనిషి. జరిగింది చెప్పాడు. శనివారం పొద్దున ఈరన్న, అతని బామ్మర్ది రంగన్న కలిసి పని మొదలుపెట్టారు. ఎడమవైపు జాయింట్లు ఎండ ముదరకముందే అయిపోయాయి. కుడివైపు మొదలుపెట్టిన కాసేపటికి బండి ఒరిగి ఈరన్న కాలి మీద పడింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. కర్నూలు ఆసుపత్రిలో ఉన్నాడు, ఇంకా సరిగా మాట్లాడే స్థితిలో లేడు. అతని తల్లి బసమ్మ స్టేషన్‌కు వచ్చి, కోడలి తమ్ముడే జాకీ దించి తన కొడుకు కాలు విరగ్గొట్టాడని వేలిముద్ర వేసి ఫిర్యాదు ఇచ్చింది.

ఊరికే ఇవ్వలేదు. వారం ముందు మార్కెట్లో పదిమంది ముందు బావా బామ్మర్దులిద్దరికీ మాటా మాటా వచ్చింది. జాయింట్లు అరగడానికి రంగన్న గుంతల్లో తోలడమే కారణమని ఈరన్న అంటే, “ఇంగొక మాటంటే కాలిరగ్గొడ్తా సూడు బావా” అని రంగన్న అన్నాడు. మా వైపు బావా బామ్మర్దులు ఇంతకంటే పెద్ద మాటలే అనుకుని కలిసి టీ తాగుతారు. ఆ రోజూ తాగారట. కానీ నిజంగా కాలు విరిగాక ఆ మాటకు సరసం పోయి విషం ఎక్కింది.

దానికితోడు జాకీ. సంఘటన స్థలం నుంచి తెచ్చిన జాకీని ఎస్సై బల్ల మీద పెట్టాడు. ఆయిలుతో పనిచేసే బాటిల్ జాకీ. దాని కడ్డీ పూర్తిగా లోపలికి దిగి ఉంది. జాకీ పక్కకు జారిపడితే కడ్డీ లేచిన ఎత్తులోనే ఉండిపోవాలి. దిగిందంటే అడుగున ఉన్న, ఆయిలు వదిలి కడ్డీని దించే స్క్రూ ఎవరో తిప్పారన్నమాట. జాకీ దగ్గర ఉన్నది రంగన్న ఒక్కడే.

రంగన్నను పిలిపించారు. ముప్పై దాటిన, బక్కపలచటి మనిషి. చొక్కాకు ఇంకా గ్రీజు మరకలున్నాయి. స్క్రూ తిప్పింది తానేనని వెంటనే ఒప్పుకున్నాడు. “అది తరవాత సార్. బావ కింద ఇరుక్కోని అరస్తాంటే, జాకీ మళ్లా పెడదామని కడ్డీ దింపినా. అంతలోకే జనమొచ్చి బండి ఎత్తిరి” అన్నాడు. మరి ముందు బండి ఎందుకు పడిందని అడిగాను. నేల వైపు చూస్తూ, “నేల కదిలినట్టాయ సార్. లోపల్నించి ఏందో సప్పుడొచ్చ” అన్నాడు.

ఇక్కడ నేను చేసిన పని రాయకుండా ఉండవచ్చు. కానీ ఈ జ్ఞాపకం రాయడమే దానికోసం. “నేల కదిలిందా? మన జిల్లాలో భూకంపం వచ్చిన సంగతి నాకు తెలియనే లేదప్పా. పేపర్లో కూడా వెయ్యలేదే!” అన్నాను. ఎస్సై నవ్వాడు. బయట బెంచీ మీద ఉన్న కానిస్టేబుల్ కూడా నవ్వాడు. నా చమత్కారానికి నేనూ నవ్వుకున్నాను. రంగన్న ఒకసారి నా ముఖం వైపు చూసి, మళ్లీ నేల వైపు చూపు తిప్పుకున్నాడు.

జాకీని పరీక్షించాను. స్టేషన్ జీపును దానిమీద లేపి, నేల నుంచి ఆర్మ్ ఎత్తు టేపుతో కొలిచి, అరగంట ఆగి మళ్లీ కొలిచాను. వెంట్రుకవాసి కూడా దిగలేదు. ఆయిలు కారడం లేదు, స్క్రూ బిగువుగా ఉంది. జాకీ మంచిది. మంచి జాకీ దానంతటది దిగదు. అక్కడే కూర్చుని నా నోటుబుక్కులో చిత్తుప్రతి రాసేశాను: ‘జాకీలో లోపం లేదు. ఈ ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరిగినది కాదు.’ బండిని చూడటం ఒక్కటే మిగిలింది, అది లాంఛనం అనుకున్నాను. జాకీని, రంగన్నను, కానిస్టేబుల్‌ను జీపెక్కించుకుని ఎస్సైతో కలిసి ఊరికి బయల్దేరాం.

ఊరి పేరు రాయను. ఆ మనుషులంతా ఇంకా అక్కడే ఉన్నారు. ఈరన్న ఇల్లు ఊరి చివర ఉంది. గోడలు రాయి, కప్పు రాయి, అరుగు రాయి, వాకిలి నిండా పరిచిందీ నాపరాతి బండలే. మా సీమలో రాయి దొరికినంత తేలిగ్గా నీళ్లు దొరకవు కాబట్టి అన్నిటికీ దాన్నే నమ్ముకుంటాం. బండి వాకిట్లోనే ఉంది. కుడి ముందు చక్రం లేదు. ఛాసిస్ కింద జనం తోసిన చక్రం మీద ఆని, ముక్కు వంచుకుని నిలబడి ఉంది. రక్తం పడ్డ చోట మన్ను పోసి, మీద పేడతో దట్టంగా అలికారు. రక్తం అలా కళ్ల ముందు వదిలేసే ఇల్లు మా వైపు ఉండదు.

నేను ఫారం తీస్తుండగా ఈరన్న భార్య పార్వతి నా దగ్గరికి వచ్చింది. ఆసుపత్రిలో భర్తకు బట్టలు తీసుకెళ్లడానికి పొద్దునే వచ్చిందట, చేతిలో సంచీ ఉంది. జీపు దగ్గర నిలబడ్డ తమ్ముడి వైపు చూడకుండా మాట్లాడింది. “సార్, ఆసుపత్రిలో మొగుడుండాడు, ఈడ తమ్ముడుండాడు. వాడే చేసినాడని మీరు రాస్తే నాకు పుట్టిల్లు పోతాది. బండి ఊరికే పడిందని రాస్తే మా అత్త నన్ను ఈ ఇంట్లో బతకనీదు. ఏదైనా గానీ, నిజంగా ఏం జరిగిందో సూసి రాయండి సార్” అంది. నా నోటుబుక్కులో వాక్యం అప్పటికే సిద్ధంగా ఉంది. బుక్కు మూసి జేబులో పెట్టుకున్నాను. అరుగు మీద కూర్చున్న బసమ్మ అంతా వింటూనే ఉంది. రంగన్నను చూసి మొహం తిప్పుకుని, వాడి నీడ కూడా గడప మీద పడగూడదు అని గట్టిగానే అంది.

ముందు ఎడమ పక్క చూశాను, పూర్తయిన పని అదే కాబట్టి. పనివాడి గుణం పూర్తయిన పనిలో తెలుస్తుంది. కొత్త జాయింటు బోల్టులు సమానంగా బిగించి ఉన్నాయి. గాడులున్న నట్టులో, అది వదులు కాకుండా, కొత్త స్ప్లిట్ పిన్ వేసి, రెండు కాళ్లూ చక్కగా విడదీసి మడిచారు. చాలామంది పాత పిన్నునే సాపు చేసి మళ్లీ వేస్తారు. రబ్బరు తొడుగుకు గీత కూడా పడలేదు. గడ్డపార పెట్టి ఎత్తితే ఒక్క చప్పుడు లేదు. పెద్ద వర్క్‌షాపుల్లో చేయించుకొచ్చిన బండ్లలో కూడా ఇంత శుభ్రమైన పని నేను తక్కువ చూశాను.

కుడి పక్క పని సగంలో ఆగింది. ఆ సగమూ సరిగ్గానే ఉంది. పాత జాయింటు పిన్ను, అంటే గుండుకున్న కాడ, సాగదీసిన గరాటు ఆకారంలో ఉండి, నకిల్ అనే ఇనుప దిమ్మలో బిగుసుకుని ఉంటుంది. నట్టును పూర్తిగా ఊడదీయకుండా నాలుగు చుట్లు ఉంచి, దిమ్మ చెవి మీద సుత్తితో కొడితే పిన్ను వదులవుతుంది. నట్టు మొత్తం తీసి కొట్టేవాళ్లు ఉంటారు. అలా తీసి ఉంటే, జాకీ తప్పిన క్షణంలో ఆర్మ్ స్ప్రింగు బలంతో విసురుగా కిందికి కొట్టేది, ముందుకు వంగి ఉన్న ఈరన్న తల దాని దారిలోనే ఉండేది. నట్టు మీద నాలుగు చుట్లు అలాగే ఉన్నాయి. ఆ నాలుగు చుట్లే అతన్ని బతికించాయి.

అతను చేసిన తప్పు ఒకటి కనబడింది. విప్పిన చక్రాన్ని ఛాసిస్ కిందికి తోసి ఉంచాలి, జాకీ తప్పినా బండి దాని మీద ఆగుతుంది. ఎడమ పక్క అలాగే చేశారట. కుడి పక్కకు వచ్చేసరికి ఈరన్న చక్రాన్ని పీటలా వేసుకుని కూర్చున్నాడు. ఇది మనవాళ్లందరికీ ఉన్న అలవాటే. నేనూ ఎన్నోసార్లు కూర్చున్నాను.

ఇంకా ఒక లాంఛనం ఉంది. జాకీని అదే బండి బరువు కింద, అదే చోట పెట్టి చూడాలి. స్టేషన్ జీపు బరువు వేరు. నిజం చెప్పాలంటే అంత అవసరం లేదనిపించింది. కానీ పార్వతి అరుగు కింద నిలబడి నన్నే చూస్తోంది. చక్రం ఛాసిస్ కిందే ఉంచి, జాకీ సరిగ్గా ఎక్కడ పెట్టారో చూపించమని రంగన్నను పిలిచాను. పేడ అలికిన చోట, ఆర్మ్‌కు సూటిగా, అతను అరచెయ్యి ఆనించి చూపించాడు. ఈ చోటే ఎందుకని అడిగితే, “వాకిట్లో అన్నిటికన్నా మందం బండ ఇదే సార్, బావ ఏరుకోని పెట్టినాడు” అన్నాడు.

కానిస్టేబుల్ జాకీ కొడుతుంటే, రంగన్న ఎవరూ చెప్పకుండానే దూరంగా జరిగి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడ్డాడు. బండి ముక్కు నెమ్మదిగా లేచింది. ఛాసిస్ చక్రాన్ని వదిలి నాలుగు వేళ్ల ఎత్తు పైకి వచ్చింది. ఆపమన్నాను. జాకీ నిటారుగా నిలబడింది. ఎస్సై నా వైపు చూసి, సరిపోయినట్టే కదా సార్ అన్నాడు. నేను జవాబు చెప్పబోతూ ఆగాను. ఈరన్న కొట్టినట్టు సుత్తితో కొట్టి చూడలేదు కదా అనిపించింది. పక్కన నిలబడి చెయ్యి మాత్రం చాచి, నకిల్ చెవి మీద ఒక దెబ్బ, రెండో దెబ్బ వేశాను.

మూడో దెబ్బకు కింద ఎక్కడో లోతుగా ‘గుమ్’మని చప్పుడైంది. జాకీ తల మెల్లగా, కునికిపాటు పడే మనిషిలా నా వైపు వాలింది. ఆర్మ్ జారింది. బండి దబ్బున ఛాసిస్ కిందున్న చక్రం మీద పడి ఆగింది. రంగన్న చేతులు ఇంకా తల మీదే ఉన్నాయి. జాకీ పక్కకు పడి ఉంది, దాని కడ్డీ లేచిన ఎత్తులో లేచినట్టే ఉంది.

బండను గీకించాను. ఎండిన పేడ, మన్ను పోయాక, బండకు అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచుకు పగులు కనబడింది. ఒక ముక్క బొటనవేలంత కిందికి దిగి ఉంది. చక్రాల బోల్టులు చూడటానికి నా సంచీలో ఎప్పుడూ ఒక చిన్న సుత్తి ఉంటుంది. బోల్టు పగిలిందా లేదా కంటితో చూడటం కంటే కొట్టి వినడం మేలు. ఆ సుత్తితో వాకిట్లో బండలు ఒక్కొక్కటీ కొట్టుకుంటూ వచ్చాను. అన్నీ టక్కుమన్నాయి. ఇది మాత్రం ఖాళీ బానలా మోగింది.

“అది పాతర మూత గదప్పా” అంది బసమ్మ అరుగు మీంచి.

ఈ కాలం వాళ్లకు పాతర తెలియదు కాబట్టి చెబుతాను. వెనక జొన్నలు నిలవ చేసుకోవడానికి వాకిట్లో నిలువెత్తు గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, గింజలు పోసి, మూతికి మందపాటి బండ వేసి మన్నుతో మూసేవాళ్లు. అదే పాతర. బయటికి నేల లాగే ఉంటుంది. బసమ్మ మెల్లగా లేచి వచ్చి, పగిలిన బండ పక్కన కూర్చుంది. “మా మామ కాలంలో ఈడ జొన్నలు పోస్తాంటిరి. నేను కాపరానికొచ్చినాక గూడా రెండు మూడు మార్లు తీసినారు. కోటా బియ్యం వచ్చినాక పాతర్లెవురికి గావాల? మా ఇంటాయన మన్ను, పొట్టు పోసి పూడ్సి, మీద బండ యథాప్రకారం యేసినాడు” అంది.

పొట్టు మగ్గిపోయింది. మన్ను ఏళ్ల తరబడి అణిగి కిందికి దిగింది. బండ కింద ఖాళీ మిగిలింది. నాపరాయి కింద నేల ఆనుకుని ఉన్నంతసేపు లారీ ఎక్కినా మోస్తుంది. కింద ఖాళీ ఉండి, నడిమధ్యలో బరువు పడి, పైన సుత్తి దెబ్బ తగిలితే అద్దంలా విరుగుతుంది. పాతర మూత కాబట్టే ఆ బండ అన్నిటికంటే మందంగా ఉంది, మందంగా ఉంది కాబట్టే ఈరన్న దాన్ని ఏరుకున్నాడు. అతను పుట్టకముందే పూడ్చిన పాతర సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదమ్మా అని ఎస్సై అడిగాడు. “నన్నెవరడిగినారు నాయనా? పూడ్సినారు, అయిపాయ అనుకుంటిని” అంది బసమ్మ. తర్వాత పగులును చేత్తో తడిమింది. రక్తం మీద మన్ను పోసి ఆ పగులును కప్పింది తన చేతులే అన్నది అప్పుడు తట్టిందనుకుంటాను. “నా నోట మన్ను పడ” అని ఒక్కసారి తనను తానే తిట్టుకుంది. లేచి లోపలికి వెళ్లి చెంబుతో మజ్జిగ తెచ్చి, ఎవరి వైపూ చూడకుండా, “తాగు రంగా, పొద్దన్నుంచి ఏం తిన్యావో ఏమో” అంది. రంగన్న తలమీంచి చేతులు దించి చెంబు అందుకున్నాడు. పార్వతి ముఖం కొంగుతో కప్పుకుని గట్టిగా ఏడ్చింది. నేను కిందికి వంగి టేపుతో బండ కొలుస్తున్నట్టు నటించాను.

రిపోర్టు రాయడం తేలిక కాలేదు. ఫారంలో నేలకు గడి లేదు. బ్రేకులు, స్టీరింగు గడులు నింపాక, వేరే కాగితం జతచేసి, వాకిలి పటం గీశాను. పాతర మూతి, బండ కొలతలు, పగులు దిక్కు, జాకీ అడుగు ఆనిన చోటు అన్నీ చూపించాను. జాకీని రెండోసారి అదే చోట పెట్టినప్పుడు ఎవరూ దాన్ని తాకకుండానే, నకిల్ మీద నా సుత్తి దెబ్బలకే ఒరిగిందని, అప్పుడు రంగన్న ఎంత దూరంలో ఉన్నాడో కొలిచి రాశాను. జాకీ కడ్డీ దిగి ఉండటానికి కారణం ప్రమాదం తర్వాత అతను స్క్రూ తిప్పడమేనని, మనిషిని బయటికి తీయబోయేవాడు చేయవలసిన పని అదేనని రాశాను. నోటుబుక్కులోని చిత్తుప్రతిని కొట్టేశాను. రెండు రోజుల తర్వాత ఈరన్న ఆసుపత్రిలో చెప్పిన మాటా ఇదే: కింద గుమ్మని చప్పుడయింది, ఆ తర్వాత తెలియలేదని. బసమ్మే స్టేషన్‌కు వెళ్లి మళ్లీ వేలిముద్ర వేసి ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. పాతరలో ఈసారి రాళ్లు, గరుసు పోసి దిమ్మిస కొట్టించారని విన్నాను.

వర్షాలు మొదలవుతుండగా ఆ పికప్పు మళ్లీ ఎఫ్‌సీకి వచ్చింది. రంగన్న తోలుకొచ్చాడు. పక్క సీట్లో ఈరన్న చేతికర్రతో కూర్చుని ఉన్నాడు. కాల్లో రాడ్డు వేశారు, తొందరలోనే కర్ర వదిలేస్తానన్నాడు. కుడి పక్క జాయింట్లు రంగన్న ఒక్కడే బిగించాడట. ఈరన్న అరుగు మీద కూర్చుని చెప్పాడు, చక్రం ఛాసిస్ కిందే ఉంచారు. “మావాడు బాగానే నేర్సినాడు సార్, గుంతల్లో తోలేది మాత్రం మానడు” అన్నాడు. “నోరు మూసుకో బావా, ఇంగో కాలు మిగిలుండాది నీకు” అన్నాడు రంగన్న. ముగ్గురం నవ్వాం. నేను కిందికి దూరి, జాకీ ఆర్మ్ కింద పెట్టించి, గడ్డపారతో రెండు పక్కలా ఎత్తి చూశాను. చప్పుడు లేదు. సంతకం పెట్టాను.

కాగితం తీసుకుని బండెక్కబోతూ రంగన్న వెనక్కి తిరిగాడు. గొంతులో కోపం లేదు. “సార్, నేల కదిలిందంటే ఆ పొద్దు మీరు నవ్వినారు. మీ రిపోర్టులో అది గూడా రాసినారా?” అని అడిగాడు. లేదన్నాను. తలూపి బండెక్కాడు. అంత నెమ్మదిగా అడిగిన ప్రశ్న నా సర్వీసులో ఇంకెవరూ నన్ను అడగలేదు.

మిగిలిన మూడేళ్లూ ప్రమాదం చూడటానికి వెళ్లిన ప్రతిచోటా నేను మార్చుకున్న పద్ధతి ఒకటే. బండిని ముట్టుకోకముందు, ఫారం తీయకముందు, అక్కడున్న మనిషి ఏం జరిగిందంటాడో అతని మాటల్లోనే రాసుకునేవాణ్ణి. అర్థం లేనిదిగా కనబడ్డా రాసుకునేవాణ్ణి. బండిని దాని తర్వాతే చూసేవాణ్ణి. రంగన్న మొదటి రోజు చెప్పింది రెండే ముక్కలు: నేల కదిలింది, లోపల్నుంచి చప్పుడొచ్చింది. నేను టేపు, సుత్తి, జాకీ పెట్టి తేల్చింది ఆ రెండు ముక్కలే. ఆ రోజు నవ్వకుండా రాసుకుని ఉంటే, అరగంట సేపు స్టేషన్ జీపును లేపి కూర్చోవలసిన పని ఉండేది కాదు.